మూడు చెంబుల నీళ్ళ తూకం

మా తమ్ముడు, నాయన పోయాక ఉత్తగా పడి ఉన్న ఆయన మగ్గం గుంతను పూడ్పించి, దాని మీద కరెంటు మగ్గం బిగిస్తున్నానని ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఏడుస్తాననుకున్నాడో ఏమో, గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. నాకేం ఏడుపు రాలేదు. ఆ గుంతలో కాళ్ళు దించుకుని పొద్దున నుంచి దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్న మనిషి మోకాళ్ళకు ఆముదం రాసి పిసికిన చేతులు నావి. పూడిస్తే పూడ్చు, పైన ఒక కొబ్బరికాయ కూడా కొట్టు అన్నాను. కానీ వారం తర్వాత వాడు సోమందేపల్లెలో బస్సులో వేసి పంపిన పార్సిల్ విప్పుకున్నాక మాత్రం ఆ పూట నాకు అన్నం సహించలేదు. గుంత పక్క గోడ గూట్లో దొరికిందట. జానెడు పొడవున్న చెక్కపెట్టె. అందులో జరీ తూచే చిన్న త్రాసు, అరచేతిలో పట్టే రెండు ఇత్తడి తట్టలు, తూకపు రాళ్ళు, గుడ్డసంచిలో గురివింద గింజలు. ఇవన్నీ నేను ఎరిగినవే. ఎరగనిది ఇంకొకటి ఉంది. నోటుపుస్తకం కాగితాన్ని మడిచి కట్టిన చిన్న పొట్లం. మామూలు దారంతో కాదు, జరీ పోగుతో కట్టాడు నాయన. పైన పెన్సిలుతో ముప్పైతొమ్మిది అని అంకె వేసి ఉంది. విప్పకుండానే అందులో ఏముందో నాకు అర్థమైంది. ఆయన దాన్ని దాచుకున్నాడని మాత్రం ఇన్నేళ్ళూ తెలియదు.

మా ఇల్లు త్రాసు మీద నడిచిన ఇల్లు. సావుకారు పట్టూ జరీ తూచి ఇచ్చేవాడు, చీర నేసి తీసుకుపోతే మళ్ళీ తూచి పుచ్చుకునేవాడు. చీరను తూచే పెద్ద త్రాసు ఆయన ఇంట్లో ఉండేది. నాయన దగ్గరున్నది జరీ తూచే చిన్నది. మిగిలిన జరీ ముక్కల్ని, తెగిన పోగుల్ని కూడా అందులో తూచి, పొట్లం కట్టి, బరువు రాసి సావుకారుకు తిరిగి ఇచ్చేవాడు. ఇచ్చిన బరువుకూ తెచ్చిన బరువుకూ తేడా రాకూడదు. చీర తక్కువ తూగితే నేతగాడు పట్టు మిగుల్చుకున్నాడని అనుమానం. ఎక్కువ తూగితే అంతకంటే పెద్ద అనుమానం: మిగుల్చుకున్నది చాలక, ఆ వెలితిని గంజితోనో తడితోనో పూడ్చబోయి చెయ్యి జారాడని. "తక్కువ తూగితే ఒక సిగ్గు, ఎక్కువ తూగితే రెండు సిగ్గులు" అనేవాడు నాయన. తూచేటప్పుడు తలుపు మూసేవాడు, గాలికి తట్ట కదులుతుందని. మేము ఊపిరి కూడా నెమ్మదిగా తీసేవాళ్ళం. ఆ త్రాసును ఆయన తప్ప ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు, అమ్మ కూడా.

అమ్మకు వేరే సామ్రాజ్యం ఉండేది, వెనక వసారాలో. పచ్చిపట్టుకు ఉన్న బంక పోవాలంటే సబ్బునీళ్ళలో ఉడకెయ్యాలి, ఆ సబ్బూ సావుకారు ఇచ్చేదే. అమ్మ పెద్ద అండా పొయ్యి మీద పెట్టి, కర్రకు పట్టు పోగుల చిలపలు వేలాడేసి, చెమట కారుతూ తిప్పుతూ ఉండేది. ఉడికే పట్టు వాసన తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. తడిసిన కుక్కా, బట్టలసబ్బూ ఒకే గదిలో ఉన్నట్టు ఉంటుంది. మాకు అదే ఇంటి వాసన, బడి నుంచి వస్తుంటే వీధి మలుపులోనే ఆకలి పుట్టించేది. ఎంత సబ్బు వేసినా మా ఊళ్ళో నురగ వచ్చేది కాదు. విరిగిన పాలలాగా తెల్లటి ముక్కలు పైకి తేలేవి. ఆరిన పట్టు మీద అక్కడక్కడా మచ్చలు మిగిలేవి. సావుకారు ఆ మచ్చల్ని వేలితో చూపించి, "సబ్బు నీళ్ళలో ఏసినావా, ఇంట్లో దాసిపెట్టుకున్నావా మ్మా?" అని నలుగురిలో అడిగేవాడు. "ఎంతేసినా నురగ రాదు సామీ" అని అమ్మ ఒక్కసారే చెప్పేది, రెండోసారి నోరు తెరిచేది కాదు. ఇంటికొచ్చాక ఆ కోపమంతా అండా మీద చూపించేది. అమావాస్యకు ఒకసారి చింతపండు పట్టించి, లోపల పేరుకున్న తెల్లటి పెచ్చును కొబ్బరిచిప్పతో బరబరా గీకేది. ఆ పెచ్చు ఎక్కడి నుంచి వస్తోందని మేము ఎన్నడూ అడగలేదు. అండా అన్నాక పెచ్చు కడుతుంది, అంతే.

ఇక బడి. మా ఊరి హైస్కూల్లో సైన్సు గదికి ఒక తాళం ఉండేది. అది మగపిల్లలకు తెరుచుకునేది, ఆడపిల్లలకు తెరుచుకునేది కాదు. నేను తొమ్మిదో తరగతికి వచ్చే ముందు ఏడు ఒక అమ్మాయి వోణీ చెంగుకు స్పిరిట్ దీపం అంటుకుంది. కదిరి నుంచి వచ్చి మా ఊళ్ళో అద్దెకుంటున్న సైన్సు మాస్టారు రహీం సారు గోనెసంచి కప్పి ఆర్పేశారు. ఆ పిల్లకు ముంజేతి మీద బొబ్బ లేచిందే తప్ప ఇంకేం కాలేదు. కానీ హెడ్మాస్టరుగారు, మేము ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళం, బాగా బెదిరిపోయారు. ఆ రోజు నుంచి ఆడపిల్లలం వరండాలో కూర్చుని, లోపల మగపిల్లలు చేస్తున్నవాటికి బొమ్మలు వేసుకోవాలి. నేను బీకరు బొమ్మను ఎంత చక్కగా వేసేదాన్నో చెప్పలేను. బీకరు ఎంత బరువుంటుందో మాత్రం తెలియదు. కిటికీ ఊచల్లోంచి తొంగి చూస్తే, రెండు రెళ్ళు నాలుగని తడుముకుని చెప్పే వెధవలు గాజుగొట్టాలు పట్టుకుని మావైపు చూసి నవ్వేవాళ్ళు. వచ్చే ఏడు నుంచి ఆడపిల్లలకు ఆ పీరియడ్‌లో కుట్టుపని నేర్పిస్తారని తెలిసిన రోజు నేను నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళాను. తొమ్మిదో తరగతి పిల్ల అలా వెళ్ళడం అప్పట్లో చిన్న సంగతి కాదు. నాకు మొదటి నుంచీ నోరు ఎక్కువ.

"సార్, నిప్పు లేకుండా చేస్తే?" అన్నాను.

"నిప్పు లేకుండా ఏం చేస్తావు పాపా? సైన్సంటేనే దీపం కదా" అన్నారు పెద్దసారు.

అక్కడే ఏదో కాగితం మీద సంతకం కోసం నిలబడ్డ రహీం సారు గొంతు సవరించుకున్నారు. "మిశ్రమాలను విడదీసేది చేయిద్దాం సార్. దాంట్లో కడాన ఉప్పునీళ్ళు కాంచేదానికి తప్ప యాడా దీపం అక్కర్లేదు. ఆ పనికి ఎండ ఉండాది కదా. మన ఊళ్ళో ఇంకేం లేకపోయినా అది చానా ఉండాది."

పెద్దసారు బల్ల మీదున్న తాళంచెవిని కాసేపు అటూ ఇటూ తిప్పారు. "సరే. వార్షికోత్సవం రోజు ఊరోళ్ళందరి ముందర చెయ్యల్ల. ఒక్క తప్పు రాకుండా జరిగితే ఈ చెవి ఆడపిల్లలకూ ఇస్తా. తప్పు జరిగితే మళ్ళా నన్ను అడగొద్దు" అన్నారు. నేను తల ఊపి బయటికొచ్చాను.

రహీం సారు పద్ధతి చాలా తేలికైనది, అందుకే నాకు భలే నచ్చింది. ఇసుక, ఉప్పు, ఇనుప రజను, శనక్కాయ పొట్టు నాలుగూ కలిపేసి, ఒకదాని తర్వాత ఒకటి బయటికి తీయాలి. పొట్టును గాలి తీసుకుపోతుంది, కనుక చేటతో చెరగాలి. ఇనుమును అయస్కాంతం లాగుతుంది. మిగిలిన దాంట్లో నీళ్ళు పోస్తే ఉప్పు కరుగుతుంది, ఇసుక కరగదు, గుడ్డలో వడకట్టాలి. వడకట్టిన నీళ్ళను వెడల్పాటి పళ్ళేల్లో పోసి ఎండలో పెడితే నీళ్ళు పోయి ఉప్పు మిగులుతుంది. "ఇనుప రజను కంట్లో పడితే పీకలేము, చెరిగేటప్పుడు గాలికి ఎదురు నిలబడొద్దు. అయస్కాంతానికి కాగితం చుట్టు, లేకుంటే రజను దానికి అంటుకుని ఊడి రాదు. వోణీ నడుముకు దోపు. ఏదీ నాలిక మీద పెట్టి చూడొద్దు, ఉప్పైనా సరే" అని ఆయన పదిసార్లు చెప్పారు. చెరగడం అమ్మ నేర్పింది. మణికట్టుతో ఎగరెయ్యాలి, భుజంతో కాదు. వారం రోజులు శనక్కాయ పొట్టు తలలో వేసుకుని తిరిగాను. నాలుగుసార్లు చేసి చూసుకున్నాం, నాలుగుసార్లూ అన్నీ బ్రహ్మాండంగా విడిపోయాయి. అప్పుడు ఊరుకుంటే సరిపోయేది. కానీ నేను నేతగాడి కూతుర్ని. విడదీశాం అని నోటితో చెబితే మా ఊళ్ళో ఎవడు నమ్ముతాడు? ముందు తూచాలి, తర్వాత తూచాలి, రెండూ సరిపోవాలి. బడి త్రాసు ముల్లు ఎప్పుడో విరిగింది. నేను పోయి మగ్గం దగ్గర నిలబడ్డాను.

"నాయనా, జరీ త్రాసు ఒక్క రోజు బడికి కావల్ల."

"యాలంట?"

"ఇసుక, ఉప్పు తూచేదానికి."

ఆయన మగ్గం ఆపలేదు. "ఇసక తూచేదానికి జరీ త్రాసా? మతి ఉండాదా మే నీకు?"

"పట్టు తూచినా ఇసక తూచినా అది అబద్ధం చెప్పదు కదా నాయనా."

అప్పుడు ఆపాడు. "సరే. నేనే తెస్తా, నేనే తూస్తా. నువ్వు చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. అంటే ఊరందరి ముందూ ఆయన చేత్తోనే తూకం జరుగుతుంది. అంత పెద్ద మాట అడిగానని నాకు అప్పుడు తోచలేదు. ఎగురుకుంటూ పోయి రహీం సారుకు చెప్పాను.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే బడి ముందు బండల మీద అరడజను వెడల్పు పళ్ళేలు పరిచాం, ఇంటికొకటి అడిగి తెచ్చినవి. బడి కమిటీ పెద్దగా సావుకారు ముందు కుర్చీలో కూర్చున్నాడు, ఆయన పక్కన పెద్దసారు. వెనక మా ఊరు. ఎప్పుడూ తలుపు మూసుకుని తూచే నాయన ఆ రోజు తెల్ల పంచె కట్టుకుని, గాలికి అడ్డంగా గోనెపట్టాలు కట్టించుకుని తూచాడు. ఉప్పు అయిదు తులాలు, ఇసుక అయిదు, ఇనుప రజను రెండు, పొట్టు అర తులం. నేను నాలుగూ ఒకే గిన్నెలో వేసి చేత్తో కలిపేసరికి, "అయిపాయ, ఇంగ దాన్ని ఏ దేవుడు ఇడదీస్తాడు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నాకు ఉత్సాహం వచ్చింది. చెరిగాను, పొట్టు ఎగిరి ముందు పరిచిన దుప్పటి మీద పడింది. అయస్కాంతం తిప్పాను, రజను మీసాల్లాగా లేచి నిలబడింది, పిల్లలు ఈలలు వేశారు. తర్వాత బడి బావిలో అప్పుడే చేదిన నీళ్ళు మూడు చెంబులు పోసి కలియబెట్టి, నాలుగు పొరల పాత పంచెలో వడకట్టి, పళ్ళేల్లో పోశాను. అవి ఎండుతుంటే మధ్యలో పాటలు, పరుగుపందేలు, బహుమతులు అయ్యాయి. మా ఎండ నన్ను మోసం చెయ్యలేదు. నాలుగు గంటలకల్లా పళ్ళేల్లో చుక్క నీళ్ళు లేవు. తెల్లగా మెరుస్తూ ఉప్పు.

పొట్టు, రజను, ఇసుక రవ్వంత తక్కువగా తూగాయి. చేతులు మారితే అంత మాత్రం పోతుందని అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఉప్పు. గీకిందంతా నాయన ఒక తట్టలో పోసి, రెండో తట్టలో అయిదు తులాల రాళ్ళు పెట్టాడు. ఉప్పు తట్ట దిగింది. ఆయన ఒక గురివింద గింజ వేశాడు. దిగే ఉంది. పది వేశాడు, ఇరవై వేశాడు. ముప్పైఆరో గింజకు ముల్లు నిలబడింది. అయిదు తులాలు పోసిన చోట అయిదు తులాల ముప్పైఆరు గింజలు. ఎక్కువ తూగింది.

"తడి ఉంటాది, ఇంకా ఎండబెట్టండి" అన్నాడు సావుకారు, తన వృత్తి అనుభవం కొద్దీ. ఇంకో అరగంట వేడిబండ మీద కాల్చినట్టు ఎండబెట్టాం. ఒక్క గింజ కూడా తగ్గలేదు. అప్పుడు ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇసుకలో ఇంత ఉప్పు మిగిలిపోయిందని అంటే నమ్ముదును. తగ్గల్సింది పెరిగిందంటే ఎవురో పైన చల్లినారు. ఎంత చల్లల్లో తెలీక రోంత ఎక్కువ చల్లినారు. ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగల్ల, అంతే కదప్పా?" అన్నాడు నాయన వైపు చూసి. నాయన రాళ్ళు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. పెద్దసారు చేతిలో ఉన్న తాళంచెవిని జేబులో వేసుకోవడం నేను చూశాను. ఆ ఉప్పు నేను చల్లలేదని గొంతు చించుకుని అరవాలనిపించింది. అరిచి ఉంటే ఏడుపొచ్చేది, ఏడిస్తే దొంగనని ఒప్పుకున్నట్టయ్యేది. పళ్ళేలు ఎవరివి వాళ్ళకు ఇచ్చి ఇంటికి వచ్చాను.

వసారాలో అమ్మ అండా తోముతోంది. అమావాస్య ఇంకా నాలుగు రోజులుంది, కానీ సంగతి ఆమెకు అప్పటికే చేరింది, కోపం ఎక్కడో ఒకచోట పోవాలి కదా. చింతపండు పులుపు వాసన, కొబ్బరిచిప్ప బరబర. తెల్లటి పెచ్చు పొడిగా రాలి నేల మీద పడుతోంది. నేను గుమ్మంలో కూర్చుని, చూడాలని కాకుండా ఊరికే చూస్తున్నాను. ఆ పొడి అచ్చం నా పళ్ళేల్లో మిగిలినట్టే ఉంది. లేచి పోయి చిటికెడు తీసుకుని వేళ్ళతో నలిపాను.

"అమ్మా, ఈ అండాలో ఉప్పు ఏమైనా వేస్తావా?"

"అండాలో ఉప్పు యాల వేస్తారే? నీళ్ళే కదా పోసేది."

నీళ్ళే. జరీ తూచే ఇల్లు మాది, తెగిన పోగు తూచే ఇల్లు మాది. ఇసుక తూచాను, పొట్టు తూచాను. మూడు చెంబుల నీళ్ళను మాత్రం ఉత్త నీళ్ళే కదా అని పోశాను. నీళ్ళు పోతే ఏమీ మిగలదనుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళే తాగినవాళ్ళకు తప్ప ఆ పొరపాటు ఇంకెవరికీ రాదు. మగ్గం దగ్గరికి పరుగెత్తి నాయనకు గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆయన విని, "నాకి చెప్పి ఏం లాభం? తూచి చూపించల్ల" అన్నాడు. "నిజం నిలకడ మీద తెలుస్తాది" అంటూ చెప్పులేసుకుని తనే సావుకారు ఇంటికి పోయాడు. పని ఉంటే తప్ప ఆ ఇంటి గడప తొక్కని మనిషి.

మర్నాడు ఆదివారం. ముందురోజు పళ్ళేలే మళ్ళీ అడిగి తెచ్చి, శుభ్రంగా కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, బండల మీద పరిచాం. అదే బావి, అదే చెంబు, మూడు చెంబుల నీళ్ళు. ఈసారి అందులో ఏమీ కలపలేదు. సావుకారు గొడుగు తెప్పించుకుని, కుర్చీ పళ్ళేల పక్కనే వేయించుకుని, ఎవరూ దగ్గరికి రాకుండా కాపలా కూర్చున్నాడు. మధ్యాహ్నం కూడా ఇంటికి పోకుండా సంగటి అక్కడికే తెప్పించుకుని తిన్నాడు. మా ఊళ్ళో సావుకారు ఎండలో కూర్చుని నీళ్ళకు కాపలా కాయడం ఎవరూ చూసి ఎరగరు, అందుకే ముందురోజు కంటే జనం ఎక్కువ వచ్చారు. "ఏమప్పా, ఆవిరి పోతాంటే పట్టుకుంటావా?" అని ఒక ముసలాయన అడిగితే నవ్వులే నవ్వులు. సావుకారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పళ్ళేల అడుగు ఎప్పుడు తెల్లబడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. మొదట అంచు చుట్టూ సన్నటి గీత కనిపించింది. తర్వాత ఇంకొకటి. నీళ్ళు తగ్గేకొద్దీ అడుగంతా ముగ్గుపిండి చల్లినట్టు అయింది. రహీం సారు నా నెత్తి మీద చెయ్యేసి, "షాబాష్" అని మెల్లగా అన్నారు.

సావుకారే స్వయంగా గీకాడు, ఒక్క రేణువు పోకుండా. నాయన తూచాడు. గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది పిల్లలు, పదిహేను దాటేసరికి ఊరంతా అందుకుంది. ముప్పైఆరు దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. ముప్పైఏడు. ముప్పైఎనిమిది. ముప్పైతొమ్మిదికి ముల్లు నిలబడింది. మూడు గింజల తేడా ఏమిటని సావుకారు అడగబోయే లోపలే రహీం సారు అందుకున్నారు. "నిన్న ఇసుకలోనూ గుడ్డలోనూ చిక్కుకున్న ఉప్పు అదే సామీ. తగ్గల్సింది తగ్గింది, పెరగల్సింది నీళ్ళు పెంచినాయి." అప్పుడు పుట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒకడు చెంబు మీద డప్పు వాయించాడు. నేను గాల్లోకి ఎగిరాను, వోణీ నడుము నుంచి ఊడిపోయింది, ఎవరేమనుకుంటే నాకేం. ప్రపంచం మొత్తం మీద గెలిచినట్టుంది. గెలిచాను కూడా.

సావుకారు మాత్రం ఆ తెల్లటి పొడిని వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాడు. "మనం ఇన్నాళ్ళూ ఇది తాగుతాండామా?" అన్నాడు. తర్వాత తల ఎత్తి రహీం సారును అడిగాడు, "సబ్బు నురగ రానిది దీనివల్లనేనా?" ఆయన అవునన్నారు. సబ్బును ఈ ఉప్పులు విరగ్గొడతాయని, వాన నీళ్ళలో అయితే నురగ బాగా వస్తుందని చెప్పారు. సావుకారు లేచి, ఆడవాళ్ళ గుంపులో వెనక నిలబడ్డ అమ్మ దాకా నడిచి వెళ్ళాడు. "సబ్బు దాసిపెట్టినావంటి మ్మా. తప్పు నాది" అన్నాడు, అందరికీ వినపడేలా. అమ్మ ఏమంటుందా అని చూశాను. "ఎంతేసినా నురగ రాదని చెప్పినా కదా సామీ" అంది. అంతే. ఆ మాట రెండోసారి చెప్పడం ఆమె జీవితంలో అదే మొదలు. ఆ ఏడు వానలకు ముందే సావుకారు తన మిద్దె మీది నీళ్ళు పట్టుకునేందుకు తొట్టి కట్టించి, పట్టు ఉడకేసేవాళ్ళందరినీ అక్కడ ముంచుకోమన్నాడు. వానలు మా ఊరికి మొక్కుబడిగా వచ్చేవే, తొట్టి ఏడాదిలో నాలుగు నెలలే నిండేది. ఆ నాలుగు నెలలు మా వీధిలో నురగే నురగ.

పెద్దసారు తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆడపిల్లలం పదకొండు మందిమి ఆ ఆదివారమే గది తెరిచి, మొట్టమొదట అందరం వరసగా బీకరు ఎత్తి చూశాం. ఇంత తేలికా అనుకున్నాం. సాయంత్రం ఇంటికి పోతుంటే దారిలో నాయన ఆగాడు. చంకలో ఉన్న చెక్కపెట్టెను తీసి నా చేతుల్లో పెట్టి, తను చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచాడు. ఇంటి దాకా నేనే మోశాను. నాకు ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, నేను రాసిన పుస్తకాలు చూసి దండలు వేశారు, శాలువాలు కప్పారు. ఆ బరువుకు సరితూగేది మళ్ళీ ఏదీ నా చేతికి రాలేదు.

పెట్టె వచ్చిన నెలకే మా బడి వాళ్ళు పిలిచారు, సైన్సు ప్రదర్శన చూసి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని. నేను పెట్టె సంచిలో వేసుకుని, ఈ కథంతా ఎంత గొప్పగా చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. బడి మారిపోయింది. సైన్సు గదికి తాళమే లేదు. పిల్లలకు కళ్ళద్దాలు, చేతులకు తొడుగులు, బల్ల మీద గ్యాసు పొయ్యి, మూలన మంచినీళ్ళ క్యాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఇసుకా ఉప్పూ విడదీస్తోంది. మా వోణీ చెంగుల కాలానికీ ఈ కళ్ళద్దాలకూ ఎంత దూరమో అని ముచ్చటపడి చూస్తున్నాను. అయితే ఆ పిల్ల పొయ్యి వెలిగించలేదు. పళ్ళెం తీసుకుని బయట బండ మీద పెట్టింది. "గ్యాసు ఉంది కదమ్మా" అంటే, "ఎండ ఉండాది కదా మేడం, గ్యాసు యాల దండగ?" అంది. ఆ పళ్ళెం పక్కనే ఇంకో పళ్ళెం ఉంది. అందులోనూ నీళ్ళు ఎండుతున్నాయి.

"ఆ రెండోది ఏమిటి?"

"అది ఉత్త నీళ్ళు మేడం. ఉప్పు తూచేముందు దాన్ని తూచల్ల. లేకుంటే ఉప్పు ఎక్కువొచ్చేస్తాది, బోరు నీళ్ళు కదా."

"పుస్తకంలో ఉందా?"

"పుస్తకంలో లేదు మేడం. మా బడిలో ముందు నుంచీ అంతే. రెండో పళ్ళెం పెట్టకుంటే మార్కులు ఎయ్యరు."

"ఎవరు మొదలుపెట్టారో తెలుసా?"

ఆ పిల్ల భుజాలు ఎగరేసింది. "ఎవురో మేడం. పాతోళ్ళు."

నేను దారి పొడుగునా కూర్చుకున్న ఉపన్యాసం ఆ క్షణంలో ఎటుపోయిందో పోయింది. నవ్వొచ్చింది, కళ్ళు తడిశాయి, రెండూ ఒకేసారి. సంచిలోంచి నాయన పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. త్రాసు నిలబెట్టాను. జరీ పోగుతో కట్టిన పొట్లాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"ఇదేంది మేడం?"

"మూడు చెంబుల నీళ్ళు," అన్నాను. "తూచి చూడు."